కస్టమ్ రిజల్యూషన్, రిఫ్రెష్ రేటు పెట్టుకోవడం ఎలా: మా వినాయకుడు బక్కచిక్కాక నేర్చుకున్నవి

ముందు నా పరువు పోయిన సంగతి చెప్పేస్తాను, మిగతాదంతా దాని మీదే నడుస్తుంది.

గుంటూరు బ్రాడీపేటలో చిన్న గది తీసుకుని డీటీపీ పని చేసుకునే రోజుల్లో ఒకసారి మానిటర్ పోయింది. పెళ్ళిళ్ళ సీజను, ఆగితే కుదరదు, అందుకని తెలిసినతని దగ్గర 18.5 అంగుళాల సెకండ్‌హ్యాండ్ మానిటర్ ఒకటి తెచ్చి పెట్టాను. దానికేమో వీజీఏ ఒక్కటే ఉంది, నా సిస్టమ్‌కేమో హెచ్‌డీఎంఐ ఒక్కటే ఉంది, మధ్యలో ఒక చవక కన్వర్టరు. ఆన్ చేస్తే తెర 1024 బై 768లో వచ్చింది, అంటే అడ్డంగా 1024 చుక్కలు, నిలువుగా 768, ఈ చుక్కల లెక్కనే రిజల్యూషన్ అంటారు. అది కూడా పక్కలకు సాగిపోయి. పని జరుగుతోంది కదా అని అలాగే కూర్చున్నాను. ఆ వారమే ఒక పెళ్ళికార్డు వచ్చింది. పైన వినాయకుడి బొమ్మ పెడితే పొట్ట రెండు పక్కలకూ ఉబ్బి, చెవులు చేటలకంటే వెడల్పయి, నా కంటికి ఏమీ బాగాలేదు. పక్కల నుంచి కాస్త నొక్కాను. తెర మీద చక్కగా కుదిరింది. ప్రింటయి వచ్చాక చూద్దును కదా, 500 కార్డుల మీదా స్వామి నెల్లాళ్ళు ఉపవాసం ఉన్నట్టున్నాడు. పెళ్ళికూతురి మేనమామ కార్డును చేతిలో తిప్పి తిప్పి చూసి, "ఏమయ్యా, మీ గుంటూరులో వినాయకుడికి కుడుములు పెట్టడం మానేశారా?" అన్నాడు. మళ్ళీ వేయించిన ఖర్చు ఎవరిదో చెప్పక్కర్లేదు.

లెక్క చూస్తే విషయం సింపుల్. 1024 బై 768 అంటే 4:3 ఆకారం, తెరేమో 16:9. ఆ బొమ్మను తెర నిండా సాగదీస్తే ప్రతిదీ మూడో వంతు అదనంగా వెడల్పవుతుంది. నేను ఆ మూడో వంతును వినాయకుడి పొట్టలోంచి తీసేశాను.

అప్పుడే కస్టమ్ రిజల్యూషన్ అనే మాట మొదటిసారి విన్నాను, అంటే సిస్టమ్ జాబితాలో లేని నంబరును మనమే సృష్టించి పెట్టుకోవడం. అది పెట్టడం నేర్చుకున్నాను, ఆ తర్వాత బంధువుల సిస్టమ్‌లన్నిటికీ నేనే దిక్కయ్యాను. ఇన్నాళ్ళకు నాకు అర్థమైంది ఏమిటంటే, కస్టమ్ కావాలి అని వచ్చేవాళ్ళలో చాలామందికి కస్టమ్ అక్కర్లేదు. వాళ్ళకు కావలసిన నంబరు మానిటర్ దగ్గర ఉంది, సిస్టమ్ దాకా చేరడం లేదు, అంతే. అందుకని కొత్త నంబరు సృష్టించే ముందు ఉన్న నంబరు దారిలో ఎక్కడ ఆగిపోయిందో చూద్దాం. అక్కడ తేలకపోతే కస్టమ్‌కు వెళ్దాం. ఈ వరుస తప్పితే నాలాగే వినాయకుడిని నొక్కుతారు.

ఇప్పుడు మీ తెర ఎంతలో నడుస్తోందో చూడండి

విండోస్ 11 అయితే డెస్క్‌టాప్ మీద రైట్ క్లిక్ చేసి డిస్‌ప్లే సెట్టింగ్స్ తెరవండి, కిందికి వస్తే అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే ఉంటుంది. అందులో ప్రస్తుత రిజల్యూషన్, రిఫ్రెష్ రేటు రెండూ కనిపిస్తాయి, రిఫ్రెష్ రేటు మార్చుకునే జాబితా కూడా అక్కడే. రిఫ్రెష్ రేటు అంటే తెర సెకనుకు ఎన్నిసార్లు బొమ్మను కొత్తగా చూపిస్తుందో ఆ లెక్క, హెర్ట్జ్‌లలో చెప్తారు. ఆ పేజీలోనే డిస్‌ప్లే అడాప్టర్ ప్రాపర్టీస్ అని ఒక లింకు ఉంటుంది, అది నొక్కి లిస్ట్ ఆల్ మోడ్స్ తెరిస్తే మీ సిస్టమ్‌కు తెలిసిన జతలన్నీ ఒకేచోట చూపిస్తుంది. మీకు కావలసింది ఆ జాబితాలో ఉంటే ఎంచుకుని ఓకే కొట్టేయండి, పని అయిపోయింది, ఈ వ్యాసం మూసేసి టీ తాగండి.

నవ్వకండి, విజయవాడ పటమటలో మా బావమరిది సరిగ్గా ఇక్కడే ఆరు నెలలు దొరికిపోయాడు. గేములకని 165 హెర్ట్జ్ మానిటర్ కొన్నాడు. ఒక ఆదివారం భోజనానికి వెళ్తే చూపించాడు.

"ఏరా, రిఫ్రెష్ రేటు ఎంతలో పెట్టావ్?"

"పెట్టేదేంటి బావా, డబ్బా మీదే 165 అని రాసుంది కదా."

తెరిచి చూస్తే 60. మానిటర్ ఎంత వేగందైనా మొదటిసారి తగిలించినప్పుడు విండోస్ చాలాసార్లు 60కే పెట్టి ఊరుకుంటుంది, మనమే వెళ్ళి మార్చాలి. పైగా వీడి జాబితాలో 165 అసలు లేనే లేదు. టేబుల్ వెనక్కి వంగి చూస్తే రెండు తప్పులు. డబ్బాలో వచ్చిన డిస్‌ప్లే పోర్ట్ కేబుల్ ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా అలాగే ఉంది, వాడిందేమో పాత సెట్‌టాప్ బాక్సు హెచ్‌డీఎంఐ వైరు. అది కూడా గ్రాఫిక్స్ కార్డుకు కాకుండా మదర్‌బోర్డు పోర్టుకు గుచ్చాడు. అంటే వేలు పోసి కొన్న కార్డు లోపల ఖాళీగా కూర్చుంది.

అందుకని సీపీయూ వెనక చూడండి. మౌస్, కీబోర్డు, నెట్ వైరు పెట్టే భాగంలో నిలువుగా ఉన్న మానిటర్ పోర్టులు మదర్‌బోర్డువి. వాటికి బాగా కింద, అడ్డంగా వేరే వరసలో ఉన్నవి గ్రాఫిక్స్ కార్డువి. విడిగా కార్డు ఉంటే కేబుల్ కింద వరసలోకే వెళ్ళాలి.

కేబుల్ అనే వారధి

గుంటూరు నుంచి హైవే ఎంత వెడల్పున్నా సాయంత్రం పూట కనకదుర్గ వారధి ఎంత మందిని వదిలితే అంతమందే బెజవాడలో అడుగుపెడతారు. ఇక్కడా అంతే. కార్డు, మానిటర్ ఎంత గొప్పవైనా మధ్యలో పోర్టు మోయగలిగినంతే వస్తుంది. హెచ్‌డీఎంఐ 1.4 అయితే 1920 బై 1080 దగ్గర 120 హెర్ట్జ్ వరకు నమ్మొచ్చు, 4కే అయితే 30తో సరి. హెచ్‌డీఎంఐ 2.0 సెకనుకు 18 గిగాబిట్లు మోస్తుంది కాబట్టి 4కే 60 వస్తుంది. 2.1 అయితే 48 గిగాబిట్ల దాకా వెళ్తుంది. డిస్‌ప్లే పోర్ట్ 1.2 దగ్గర 21.6, 1.4 దగ్గర 32.4. పాత సింగిల్ లింక్ డీవీఐ 165 మెగాహెర్ట్జ్ పిక్సెల్ క్లాక్ దాటదు, 1080 దగ్గర 75 హెర్ట్జ్ అడిగితే ఆ గీత దాటిపోతుంది. పిక్సెల్ క్లాక్ అంటే ఏమిటో కాసేపట్లో చెప్తాను. ఇంకోటి, మానిటర్‌కు రెండు రకాల పోర్టులున్నాయని రెండూ ఒకే వేగమని అనుకోవద్దు, డిస్‌ప్లే పోర్టులో 165 ఇచ్చే మానిటర్లు కొన్ని హెచ్‌డీఎంఐలో 144తోనే ఆగుతాయి. మాన్యువల్ చివరి పేజీల్లో చిన్న అక్షరాల్లో ఉంటుంది, చదవండి.

ఇక మానిటర్ తన వివరాలు ఎలా చెప్తుంది? ప్రతి మానిటర్‌లో 128 బైట్ల చిన్న కాగితం లాంటిది ఒకటి ఉంటుంది, ఈడీఐడీ అంటారు. కొన్నిటికి దానికి తోడు ఇంకో 128 బైట్ల ముక్క కూడా ఉంటుంది. నేను ఫలానా కంపెనీ, నా తెర ఇంత, నేను ఇన్ని రకాలుగా నడవగలను అని అందులో రాసి ఉంటుంది. కేబుల్ గుచ్చగానే సిస్టమ్ దాన్ని చదువుకుని జాబితా తయారు చేసుకుంటుంది. ఆ కాగితం అందకపోతే సిస్టమ్ భయపడి 1024 బై 768 లాంటి ఎవరికీ హాని చేయని నంబరు పెట్టేస్తుంది.

నా సెకండ్‌హ్యాండ్ మానిటర్ కథ ముగింపు ఇక్కడే ఉంది. కార్డుల గొడవయ్యాక కస్టమ్ రిజల్యూషన్ పెట్టుకుని ఆరేడు నెలలు నెట్టుకొచ్చాను. తర్వాత ఒకరోజు గది ఊడుస్తూ కేబుల్ పీకి చూస్తే వీజీఏ ప్లగ్గులో ఒక పిన్ను పక్కకు పడుకుని ఉంది. వీజీఏలో మూడు వరసల్లో 15 పిన్నులుంటాయి. 12, 15 నంబర్ల పిన్నుల మీదుగానే ఈ ఈడీఐడీ సమాచారం నడుస్తుంది. వంగింది 12. మా ఆవిడ దగ్గర పిన్నీసు అడిగి తీసుకుని మెల్లగా నిటారుగా లేపి గుచ్చితే, జాబితా మొత్తం బుద్ధిగా వచ్చి కూర్చుంది. ఆ పిన్నీసు ముందే పట్టుకుని ఉంటే 500 కార్డుల డబ్బు మిగిలేది. అన్నట్టు, 9వ పిన్ను అసలు లేని కేబుళ్ళు చాలా ఉంటాయి, అది చూసి కంగారు పడకండి, అది తయారీలోనే ఉండదు.

కాబట్టి కేబుల్ మార్చి చూడండి, కన్వర్టరు ఉంటే తీసేసి చూడండి, గ్రాఫిక్స్ డ్రైవర్, అంటే ఆ కార్డును విండోస్ నడిపించుకునే సాఫ్ట్‌వేర్, కంపెనీ సైటు నుంచి కొత్తది వేయండి. డివైస్ మేనేజర్‌లో డిస్‌ప్లే అడాప్టర్ కింద మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్ అని కనిపిస్తే అసలు డ్రైవరే లేదని అర్థం, దాని మీద ఎంత కస్టమ్ చేద్దామన్నా కుదరదు.

అక్షరాలు చిన్నగా ఉన్నాయని వచ్చినవాళ్ళకు

ఇది వేరే గుంపు. నాన్నగారికి కనిపించడం లేదు, రిజల్యూషన్ తగ్గించి పెట్టు అంటారు. వద్దు. ఎల్‌సీడీ తెర మీద చుక్కలు ఫ్యాక్టరీలో ఎన్ని వేశారో అన్నే ఉంటాయి, తక్కువ రిజల్యూషన్ పంపితే ఒక చుక్క పక్క చుక్కలోకి కారి అక్షరం అలుక్కుపోతుంది. ఇంగ్లీషు అక్షరాలు తట్టుకుంటాయేమో గానీ మన అక్షరాలు తట్టుకోవు. నోట్‌ప్యాడ్ తెరిచి చిన్న సైజులో ద, ధ పక్కపక్కన కొట్టి చూడండి, తర్వాత వ, ప. ఆ అడుగున చిన్న గీత, పైన చిన్న ఖాళీ స్పష్టంగా తెలుస్తుంటే మీ తెర దాని సొంత రిజల్యూషన్‌లో ఉన్నట్టే. తెలియకపోతే లేనట్టే. అక్షరాలు పెద్దవి కావాలంటే డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో స్కేల్ అని ఉంటుంది, దాన్ని 125 లేదా 150 శాతం చేయండి. రిజల్యూషన్ జోలికి పోవద్దు.

మరి కస్టమ్ నిజంగా ఎవరికి కావాలి

నాకు తెలిసి మూడు సందర్భాలు. ఈడీఐడీ అందకుండా చేసే కన్వర్టరు లేదా స్విచ్ బాక్సు మార్చలేని పరిస్థితి ఒకటి. 60 హెర్ట్జ్ మానిటర్‌ను 70కో 75కో లాగుదామనే సరదా ఇంకోటి. మూడోది మన ఇళ్ళలో ఎక్కువ, 32 అంగుళాల హెచ్‌డీ రెడీ టీవీని మానిటర్‌గా వాడటం. ఆ టీవీల అసలు తెర 1366 బై 768. కానీ హెచ్‌డీఎంఐలో 1080 కూడా తీసుకుంటాం అని చెప్తాయి, సిస్టమ్ నమ్మి 1080 పంపుతుంది, టీవీ దాన్ని లోపల కుదించుకుంటుంది, అక్షరాలు మసకగా వస్తాయి. అంచులు తెర బయటికి పోయి స్టార్ట్ బటన్ సగమే కనిపిస్తే అది మాత్రం వేరే జబ్బు, ఓవర్‌స్కాన్. దానికి టీవీ రిమోట్‌లో పిక్చర్ సైజు సెట్టింగులోకి వెళ్ళి జస్ట్ స్కాన్ అనో స్క్రీన్ ఫిట్ అనో ఉన్నది పెట్టాలి.

1366 గురించి ఒక మాట, చాలామంది దీని దగ్గర జుట్టు పీక్కుంటారు. ఈ అంకెను 8తో భాగిస్తే 170.75 వస్తుంది, నిండుగా భాగం పోదు. తెర కొలతలను లెక్కగట్టే పాత పద్ధతులన్నీ వెడల్పు 8 చొప్పున అడుగులేస్తాయి. అందుకే మీరు 1366 అడిగితే కొన్నిచోట్ల 1360 ఇస్తుంది, కొన్నిచోట్ల 1368 అంటుంది. 1360 వస్తే తీసుకోండి. అటు మూడు, ఇటు మూడు చుక్కలు నల్లగా ఉంటే మన కొంపేమీ మునగదు.

తెర నల్లబడితే ఏం చేయాలో ముందే తెలుసుకోండి

దిగే ముందు ఈత చూసుకోవాలి కాబట్టి ఇది ముందు చెప్తున్నాను. విండోస్ సెట్టింగ్స్‌లో మార్చినప్పుడు తెర నల్లబడినా, అవుట్ ఆఫ్ రేంజ్ అని వచ్చినా ఏమీ నొక్కకండి. 15 సెకన్లు చేతులు కట్టుకుని కూర్చుంటే అదే పాతదానికి వచ్చేస్తుంది. టెన్షన్‌లో ఏదో ఒకటి కొడితే మాత్రం ఉంచమన్నట్టు అనుకునే ప్రమాదం ఉంది. రాకపోతే విండోస్, కంట్రోల్, షిఫ్ట్ కీలు పట్టుకుని బి నొక్కండి, గ్రాఫిక్స్ డ్రైవర్ మళ్ళీ మొదలవుతుంది. అప్పటికీ లేదంటే ఇంకో మానిటరో హాల్లో టీవీయో తగిలించి అందులోంచి సరిచేయండి. ఏదీ లేదు, ఇల్లంతా ఇదొక్కటే తెర అంటారా, సిస్టమ్ ఆన్ అవుతుండగా పవర్ బటన్ నొక్కిపట్టి ఆపేయండి, రెండు మూడుసార్లు అలా చేస్తే రిపేర్ స్క్రీన్ వస్తుంది. అందులో ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్, రీస్టార్ట్. వచ్చిన జాబితాలో 3 నొక్కితే తక్కువ రిజల్యూషన్‌లో తెరుచుకుంటుంది. ఇక్కడిదాకా నాకు ఒక్కసారే వచ్చింది, అది కూడా రాత్రి పన్నెండింటికి ఎవరూ అడగకుండానే 90 హెర్ట్జ్ కొట్టినందుకు.

ఇక అసలు పని

ఎన్విడియా కార్డు అయితే: డెస్క్‌టాప్ మీద రైట్ క్లిక్, షో మోర్ ఆప్షన్స్, ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్. ఎడమవైపు డిస్‌ప్లే కింద ఛేంజ్ రిజల్యూషన్. ఆ పేజీలో జాబితా కింద కస్టమైజ్ అనే బటన్ ఉంటుంది, అది నొక్కితే ఇంకో పెట్టె వస్తుంది, అందులో డిస్‌ప్లే చూపించని రిజల్యూషన్లు కూడా ఎనేబుల్ చేయమనే గడిలో టిక్కు పెట్టి, క్రియేట్ కస్టమ్ రిజల్యూషన్ నొక్కండి. మొదటిసారి ఒక హెచ్చరిక వస్తుంది, ఏదైనా అయితే మాది పూచీ కాదు అని దాని సారాంశం, ఒప్పుకుంటేనే ముందుకు పోనిస్తుంది. హారిజాంటల్ పిక్సెల్స్ దగ్గర వెడల్పు, వర్టికల్ లైన్స్ దగ్గర ఎత్తు, రిఫ్రెష్ రేట్ దగ్గర హెర్ట్జ్ వేయండి. కలర్ డెప్త్ 32, స్కాన్ టైప్ ప్రోగ్రెసివ్ అలాగే వదిలేయండి. టైమింగ్ దగ్గర ముందు ఆటోమేటిక్. టెస్ట్ నొక్కండి. తెర ఒకసారి నల్లబడి వస్తుంది. బొమ్మ నిలకడగా ఉంటే సేవ్ చేయండి, రాకపోతే కొన్ని సెకన్లలో అదే వెనక్కి వెళ్తుంది. సేవ్ చేసినంత మాత్రాన అది అమల్లోకి వచ్చేసిందనుకోవద్దు, జాబితాలో కస్టమ్ కింద చేరుతుంది, దాన్ని ఎంచుకుని అప్లై కొట్టాలి. ఆ తర్వాత విండోస్ అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లేలోకి వెళ్ళి ఇంకోసారి సరిచూసుకోండి.

ఏఎండీ అయితే ఆడ్రెనలిన్ సాఫ్ట్‌వేర్ తెరిచి డిస్‌ప్లే ట్యాబ్, కస్టమ్ రిజల్యూషన్స్. గళ్ళు ఇంచుమించు అవే. విడిగా కార్డు లేని ఆఫీసు సిస్టమ్‌లలో ఎక్కువగా ఉండేది ఇంటెల్, దానికి మైక్రోసాఫ్ట్ స్టోర్‌లో దొరికే ఇంటెల్ గ్రాఫిక్స్ కమాండ్ సెంటర్ వేసుకుంటే డిస్‌ప్లే విభాగంలో కస్టమ్ రిజల్యూషన్ ఉంటుంది. పాత ఇంటెల్ ప్యానెల్ బ్యాండ్‌విడ్త్ మించిపోయింది అని ఎర్ర జెండా చూపిస్తే మీ తప్పేం లేదు, వారధి సరిపోలేదు, హెర్ట్జ్ తగ్గించండి లేదా టైమింగ్ మార్చండి.

ఆ టైమింగ్ అంటే ఏమిటో ఇక్కడ చెప్పాలి, ఎందుకంటే కుదరని కస్టమ్‌లలో సగం దీని దగ్గరే కుదురుతాయి. దుక్కి దున్నేటప్పుడు చాలు చివరికి వచ్చాక ఎడ్లను తిప్పుకోవడానికి గట్టు పక్కన కొంత జాగా కావాలి కదా. పాత డబ్బా మానిటర్లలో బొమ్మ గీసే కిరణం కూడా అంతే, ఒక గీత చివరికి వెళ్ళి తర్వాతి గీత మొదటికి తిరిగి రావడానికి కొంత సమయం వదలాలి. ఆ ఖాళీని బ్లాంకింగ్ అంటారు. అందుకే తెర మీద 1920 బై 1080 కనిపించినా, వైరులో నడిచేది ఖాళీతో కలిపి 2200 బై 1125. దాన్ని 60తో హెచ్చిస్తే సెకనుకు 14.85 కోట్లు, అంటే 148.5 మెగాహెర్ట్జ్. ఇందాక అన్న పిక్సెల్ క్లాక్ ఇదే. ఎల్‌సీడీలో కిరణమూ లేదు, తిప్పుకోవాల్సిన ఎడ్లూ లేవు, అయినా ఖాళీ మాత్రం అలవాటుగా వస్తూనే ఉంది. అందుకని రెడ్యూస్డ్ బ్లాంకింగ్ అని ఒకటి తెచ్చారు, సీవీటీ రెడ్యూస్డ్ అని జాబితాలో కనిపిస్తుంది. అది పెడితే అదే 1080, 60 హెర్ట్జ్ పని 138.5తో అయిపోతుంది. వైరు మీద బరువు తగ్గింది కదా, ఆ మిగిలినదాంట్లో నాలుగు హెర్ట్జ్‌లు ఎక్కువ లాగొచ్చు. కాబట్టి ఆటోమేటిక్‌లో 75 రాకపోతే ఆశ వదులుకునే ముందు సీవీటీ రెడ్యూస్డ్ పెట్టి చూడండి. మాన్యువల్ అనే దాని జోలికి మాత్రం, ఫ్రంట్ పోర్చ్, సింక్ విడ్త్ అంటే తెలియనంత వరకు వెళ్ళకండి.

వీజీఏ వాడేవాళ్ళు కొత్త నంబరు పెట్టాక మానిటర్ కింద ఉండే ఆటో బటన్ ఒకసారి నొక్కండి, పక్కకు జరిగిన బొమ్మ మధ్యకు వస్తుంది.

60ని లాగేవాళ్ళకు

ఒకేసారి 60 నుంచి 75కు దూకకండి. 65, తర్వాత 70, తర్వాత 75, ప్రతి మెట్టు దగ్గరా టెస్ట్ కొట్టి చూడండి. తేడా తెలుస్తుందా అంటే, 60 దగ్గర ఒక్కో బొమ్మ 16.67 మిల్లీసెకన్లు నిలబడుతుంది, 75 దగ్గర 13.33, మౌస్ జరిపినప్పుడు, పేజీ జారినప్పుడు కాస్త తెలుస్తుంది. 144 దగ్గర 6.94కు వచ్చేస్తుంది, అది ఎవరికైనా తెలుస్తుంది. 60ని 75 చేయడం కోసం ప్రాణాలు పెట్టేంత తేడా అయితే కాదు, నా అభిప్రాయం.

పైగా ఒక మోసం ఉంది. కొన్ని మానిటర్లు 75 తీసుకున్నట్టే నటించి లోపల కొన్ని ఫ్రేములు మింగేస్తాయి. విండోస్ 75 అనే చూపిస్తుంది, మానిటర్ మెనూలో కూడా 75 అనే ఉంటుంది, తెర మీద మాత్రం 60 నడుస్తుంటుంది, పైగా కుదుపుగా. దీన్ని పట్టుకోవడానికి టెస్ట్ యూఎఫ్ఓ అనే సైటులో ఫ్రేమ్ స్కిప్పింగ్ పరీక్ష ఉంది. గళ్ళ బోర్డులో ఒక తెల్ల గడి పరుగెత్తుతుంటుంది. ఫోన్ కెమెరాలో ప్రో మోడ్ పెట్టి, షట్టర్ సెకనులో అయిదో వంతుకు తెచ్చి, ఫోనును పుస్తకాల దొంతరకు ఆనించి ఫొటో తీయండి. వెలిగిన గళ్ళు వరసగా, మధ్యలో ఖాళీ లేకుండా ఉంటే మీ 75 నిజమైన 75. మధ్యలో పళ్ళూడినట్టు నల్ల గళ్ళుంటే అది దొంగ 75, వెనక్కి వచ్చేయండి.

పరీక్ష అయిపోయిందని వెంటనే సంబరపడకండి, రెండు మూడు గంటలు మానిటర్ వేడెక్కనిచ్చి మళ్ళీ చూడండి. రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే ఊళ్ళు మనవి, ఏసీ గదిలో జనవరిలో నిలబడ్డ సెట్టింగ్ మేలో మధ్యాహ్నం ఫ్యాన్ కింద కూడా నిలబడాలి. చిన్న చిన్న రంగు చుక్కలు మెరుస్తున్నా, అడ్డగీతలు పరుగెత్తినా, అప్పుడప్పుడు తెర ఒక క్షణం ఆరి వెలిగినా అయిదు హెర్ట్జ్ దిగండి. వారంటీ ఉన్న కొత్త మానిటర్ అయితే ఈ ఆటలే వద్దంటాను. పాత డబ్బా మానిటర్ ఎవరైనా ఇంకా వాడుతుంటే మరీ జాగ్రత్త, పరిమితి దాటిస్తే వాటి లోపలి సర్క్యూట్ దెబ్బతినే ప్రమాదం ఉంది.

పెంచాక రంగులు కూడా చూసుకోండి. బరువు మించినప్పుడు డ్రైవర్ చప్పుడు చేయకుండా రంగుల సమాచారం కోసేసి వైరులో ఇరికిస్తుంది. నల్లటి మీద ఎర్ర అక్షరాలు పెట్టి చూస్తే అంచులు చెదిరినట్టు ఉంటాయి. ఎన్విడియాలో అదే ఛేంజ్ రిజల్యూషన్ పేజీలో కింద అవుట్‌పుట్ కలర్ ఫార్మాట్ ఆర్‌జీబీ, డైనమిక్ రేంజ్ ఫుల్ ఉండేట్టు చూడండి. టీవీలకు తగిలించినప్పుడు నలుపు బూడిద రంగులా కనిపించేది ఎక్కువగా ఆ రేంజ్ లిమిటెడ్‌లో ఉండటం వల్లే.

సినిమాల కోసం 72

కస్టమ్‌లో నాకు నిజంగా ఇష్టమైనది ఇదొక్కటే. మన సినిమాలు సెకనుకు 24 ఫ్రేములు. 60లో 24 నిండుగా పోదు, అందుకని ఒక ఫ్రేమును మూడుసార్లు, తర్వాతిదాన్ని రెండుసార్లు, మళ్ళీ మూడు, మళ్ళీ రెండు, ఇలా చూపిస్తుంది. కెమెరా నెమ్మదిగా పక్కకు తిరిగే షాట్లలో బొమ్మ కుంటుతున్నట్టు అనిపించేది అందుకే. 75లో కూడా లెక్క కుదరదు. 72 పెడితే ప్రతి ఫ్రేమూ సరిగ్గా మూడుసార్లు. మానిటర్ 75 దాకా వస్తుందంటే 72 కూడా చాలావరకు వచ్చేస్తుంది. గేమింగ్ మానిటర్ ఉన్నవాళ్ళకు ఈ బాధే లేదు, 120 అయితే అయిదుసార్లు, 144 అయితే ఆరుసార్లు, రెండూ నిండుగా పోతాయి. 165లో మాత్రం పోదు. మా బావమరిదికి ఈ సంగతి చెప్తే సినిమా చూసేటప్పుడు 144కు దించుకుంటున్నాడు, అంతకుముందు 165 రాలేదని ఏడ్చినవాడే.

డ్రైవర్ ఒప్పుకోకపోతే

ఎక్కడా కుదరకపోతే చివరగా సీఆర్‌యూ అనే చిన్న ఉచిత టూలు ఉంది, పూర్తి పేరు కస్టమ్ రిజల్యూషన్ యుటిలిటీ. ఇది మానిటర్‌ను ముట్టుకోదు, ఆ ఈడీఐడీ కాగితానికి బదులు ఇది చదువు అని విండోస్ రిజిస్ట్రీలో ఇంకో కాగితం పెడుతుంది. పైన సరైన మానిటర్ ఎంచుకుని, డీటెయిల్డ్ రిజల్యూషన్స్ దగ్గర యాడ్ నొక్కి నంబర్లు వేసి, ఓకే చేసి బయటికి వచ్చి, అదే ఫోల్డర్‌లో ఉన్న రీస్టార్ట్ 64 అనే ఫైలు నడపండి. డ్రైవర్ మళ్ళీ మొదలవుతుంది, కొత్త నంబరు విండోస్ జాబితాలోనే కనిపిస్తుంది. అదే ఫోల్డర్‌లో రీసెట్ ఆల్ అనేది కూడా ఉంటుంది, అన్నీ తుడిచేసి మొదటికి తెస్తుంది, తర్వాత సిస్టమ్ రీస్టార్ట్ చేయాలి. ముందుగా ఈ రీసెట్ ఫైలుకు డెస్క్‌టాప్ మీద షార్ట్‌కట్ పెట్టుకుని ఆ తర్వాతే యాడ్ నొక్కండి.

అన్నీ అయ్యాక నేను చేసే చివరి పరీక్ష ఒకటుంది. పెయింట్ తెరిచి, షిఫ్ట్ పట్టుకుని ఒక పెద్ద గుండ్రం గీసి, పిల్లల స్కూలు స్కేలు తెర మీద ఆనించి అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి కొలుస్తాను. రెండూ ఒకటే వస్తే సరే. మిల్లీమీటరు తేడాకు పట్టించుకోను, అరంగుళం తేడా వస్తే ఆ తెర మీద కార్డు పని మొదలుపెట్టను.

కుదిరిన నంబర్లు ఎక్కడైనా రాసి పెట్టుకోండి, డ్రైవర్ క్లీన్ ఇన్‌స్టాల్ చేస్తే డ్రైవర్ ప్యానెల్‌లో పెట్టుకున్న కస్టమ్‌లు ఎగిరిపోతాయి. నా మానిటర్ వెనక దెబ్బలకు వేసే తెల్ల ప్లాస్టర్ ముక్క అంటించి బాల్‌పెన్నుతో రాశాను: 1920, 1080, 72, సీవీటీ రెడ్యూస్డ్. కింద మా అబ్బాయి ఒక వినాయకుడిని గీశాడు, కొంచెం సన్నగానే ఉన్నాడు.